116 తర్వాత 117: సీమ హాల్లో తెలుగు గూఢచారి చరిత్ర

గూఢచారి సినిమా పండిందా లేదా అన్నది ప్రొజెక్టర్ రూములో ఉన్నవాడికి అందరికంటే ముందే తెలిసిపోతుంది. కింద కూర్చున్నవాళ్ల ముఖాలు మాకు కనబడవు. తెర మీంచి తిరిగొచ్చే వెలుతురులో తలలు కనబడతాయి, బీడీ నిప్పులు కనబడతాయి. పాటొస్తే తలలు ఊగుతాయి, ఫైటొస్తే లేస్తాయి. భయం పుట్టినప్పుడు మాత్రం ఒక్క తలా కదలదు, బీడీ నోటిదాకా పోదు. పత్తికొండలో ఆపరేటరుగా బతికినంత కాలం గూఢచారి సినిమాలను నేను ఈ కొలతతోనే చూశాను. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ పాత సినిమాగా ఎన్నిమార్లు తిరిగొచ్చినా ఆ కొలతకు నిలబడింది. 1989లో నంబరు ఒకటి పెంచుకొని వచ్చిన ‘గూఢచారి 117’ నిలబడలేదు. రెండింటిలోనూ హీరో కృష్ణగారే. తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలంటే, తెలుగు గూఢచారి ఎట్లా పుట్టాడో, మా సీమకు ఎట్లా చేరాడో మొదటినుంచి చెప్పుకురావాలి.

1962లో చైనాతో యుద్ధం. 1964లో నెహ్రూగారు పోయారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. 1966 జనవరిలో తాష్కెంటులో లాల్ బహదూర్ శాస్త్రిగారు కన్నుమూశారు. నాలుగేళ్లలో ఇన్ని దెబ్బలు తిన్న దేశం అది. పంచాయితీ రేడియో ముందు పెద్దలు నిలబడి వార్తలు వినేవాళ్లు. ఊరికి కొత్త మనిషి వస్తే రెండు మార్లు చూసేవాళ్లు. విదేశాల్లో గూఢచర్యం కోసం ‘రా’ అనే సంస్థను ప్రభుత్వం 1968లో గానీ పెట్టలేదు. అంటే మన తెర మీది గూఢచారి ‘రా’ కంటే రెండేళ్లు పెద్దవాడు. జనానికి అప్పుడు తెలిసిన పేరు సీఐడీ ఒక్కటే. మారువేషంలో తిరిగేవాడైనా, సరిహద్దు దాటి పోయేవాడైనా అందరూ సీఐడీలే. జనం గుండెల్లో అంత గుబులు ఉన్నప్పుడు ఆ సినిమా వచ్చింది. అందుకే దాన్ని ఎవరూ ఉత్త కాలక్షేపంగా చూడలేదు.

సినిమావాళ్ల వైపు కారణం వేరే ఉంది. 1962లో ‘డాక్టర్ నో’తో జేమ్స్ బాండ్ తెర మీదికొచ్చి ప్రపంచమంతా తిరుగుతున్నాడు. అతని కంటే ముందే ఫ్రెంచివాళ్లకు ఒక గూఢచారి ఉన్నాడు. జాన్ బ్రూస్ అనే రచయిత 1949లో సృష్టించిన ఓఎస్ఎస్ 117. ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల 1953లో గానీ రాలేదు. ఆ 117 బ్యాంకాక్ పోయి, అక్కడ చనిపోయిన తోటి గూఢచారి కేసును పట్టుకునే కథ 1964లో సినిమాగా వచ్చింది. మనవాళ్లు ఆ కథ దారిని తీసుకొని, నంబరులో ఒకటి తగ్గించి 116 చేశారు. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. మాటలు ఆరుద్ర, సంగీతం టి. చలపతిరావు. హీరోయిన్ జయలలిత. కెమెరా రవికాంత్ నగాయిచ్. 1961లో ఎన్టీఆర్ ‘సీతారామ కల్యాణం’లో ట్రిక్కు ఫొటోగ్రఫీతో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన.

హీరోగా ఎవరిని పెట్టారన్నదే ఇక్కడ అసలు సంగతి. కృష్ణగారు అప్పటికి ఇంకా కొత్తవాడే. ఆదుర్తి సుబ్బారావుగారు అంతా కొత్తవాళ్లతో తీసిన ‘తేనె మనసులు’ 1965లో వచ్చింది, వెంటనే ‘కన్నె మనసులు’. అంతే. ‘తేనె మనసులు’లో స్కూటరు మీద కారును తరిమే సన్నివేశాన్ని ఆయనే చేశాడనీ, అది చూసి డూండీ ఈ వేషానికి పిలిచాడనీ సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా మొదట్లో ఏజెంట్ 303 అని ఒక గూఢచారి వస్తాడు. ఆ వేషం శోభన్‌బాబుది. అప్పటికి ఆయనా చిన్నాపెద్దా వేషాలు వేసుకుంటున్నవాడే. ఆ 303ని శత్రువులు చంపేస్తారు. ఆ చావు సంగతి తేల్చడానికి 116 బయల్దేరుతాడు.

దీన్ని మా జనం ఎట్లా తీసుకున్నారో చూడండి. అందగాడు, తెలివైనవాడు, కళ్ల ముందే చచ్చిపోయాడు. ఇప్పుడొచ్చిన కుర్రోడూ కొత్తవాడే. ఇతనికి మాత్రం ఏమీ కాదని ఏం నమ్మకం? ఎన్టీఆరో, ఏఎన్ఆరో అయితే ఆఖరికి గెలుస్తారని నేల మీద కూర్చున్న పసిపిల్లోడికి కూడా తెలుసు. కృష్ణ అనే ఈ పొడుగు కుర్రవాడు గెలుస్తాడో లేదో ఎవరికీ తెలీదు. ఆ తెలియకపోవడమే సినిమాకు ప్రాణం పోసింది.

గూఢచారి ముఖం జనానికి తెలిసి ఉండకూడదన్న ఈ మాట నా సొంతం కూడా కాదు. ఐదు వందల ఏళ్ల కిందట ఈ సీమనంతా ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెబుతూ గూఢచారి ఎట్లా ఉండాలో కూడా చెప్పాడు. పలు భాషలు వచ్చి ఉండాలంటాడు. చూడగానే గుర్తుపట్టే ఆనవాలు ఏదీ ఒంటి మీద ఉండకూడదంటాడు. రాజ్యం నడిపిన అనుభవంతో చెప్పిన మాట అది. హీరోకు తన ముఖమే ఆనవాలు. అభిమానులు పెరిగేకొద్దీ ఆ ఆనవాలు కూడా పెరుగుతూ పోతుంది. గూఢచారి సినిమాల వరసలో రెండోదీ మూడోదీ ఎందుకు దెబ్బ తింటాయో అర్థం చేసుకోవడానికి రాయలవారి ఈ మాట ఒక్కటి చాలు.

ఇక సినిమా మా ఊరికి చేరే దారి. సినిమా వ్యాపారంలో రాయలసీమను ఇప్పటికీ ‘సీడెడ్’ అనే అంటారు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన జిల్లాలకు వచ్చిన పేరది. వాటికి మొదటి కలెక్టరు థామస్ మన్రో. ఆయన తర్వాత మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా కలరా తగిలి 1827 జూలై 6న చనిపోయింది మా పత్తికొండలోనే. కంపెనీ పోయింది, తెల్లవాళ్లు పోయారు. వాళ్లు గీసిన ఎల్లల ప్రకారం సినిమాల హక్కులు కొనడం, అమ్మడం మాత్రం ఈనాటికీ సాగుతోంది. నైజాం, ఆంధ్ర, సీడెడ్ అని మూడు ముక్కలు. సీడెడ్ లోపల మళ్లీ ఏ, బీ, సీ సెంటర్లు. కర్నూలు, ఆదోని వంటి ఊళ్లలో ఆడినన్నాళ్లు ఆడి, ప్రింటు నలిగి, గీతలు పడ్డాక మా వంతు వచ్చేది. రేకు పెట్టెల్లో రీళ్లు, ఆదోని బస్సు టాపు మీద. పెట్టె దిగితే చాలు, పిలకాయలు దాని వెంట హాలు దాకా నడిచేవాళ్లు.

మొదట్లో మాది టెంటు హాలు. డేరా గుడ్డ, చుట్టూ తడికెలు, ముందు ఇసుక నేల, వెనక బెంచీలు, ఆ వెనక కొన్ని కుర్చీలు. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట రికార్డు మైకులో మోగితే ఆట మొదలవుతుందని పక్క పల్లెల దాకా తెలిసేది. బుడ్డల పంట చేతికొచ్చిన కార్తీకంలో హాలు నిండేది. వాన మొహం చాటేసిన ఏడు బెంచీలన్నీ ఖాళీ. ఇంటర్వెల్లో ఉడకబెట్టిన బుడ్డలు, బొరుగులు, మిరపకాయ బజ్జీలు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోగానే లైటు వేసి కొత్త రీలు ఎక్కించేవాళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. అందుకని రీలు రీలుకూ ఒక విరామం. మామూలు సినిమాకు ఆ విరామంలో జనం లేచి బయటికి పోయేవాళ్లు. ‘116’ ఆడినప్పుడు శత్రువుల ఇంట్లో 116 చీకట్లో నడుస్తున్న చోట రీలు అయిపోయింది. లైటు వేశారు. ఒక్కరూ లేవలేదు. నిక్కర్లు వేసుకొని ఇసుకలో కూర్చున్న మేము కూడా ఊపిరి బిగబట్టుకొని అట్లే ఉండిపోయాం.

నేను ఆపరేటరు పనికి చేరేటప్పటికి పక్కా హాలు వచ్చింది, రెండు ప్రొజెక్టర్లు వచ్చాయి. దీపాలు మాత్రం కార్బన్ కడ్డీలవే. రెండు కడ్డీల కొసలు దగ్గరపెట్టి కరెంటు పారిస్తే మధ్యలో మంట లేస్తుంది. ఆ మంట వెలుగే అద్దం మీద పడి తెరకు పోతుంది. కడ్డీలు కాలి ఎడం పెరిగితే బొమ్మ మొదట పచ్చబడుతుంది, తర్వాత మసకేస్తుంది. పాటల సినిమాకు కాస్త మసకేసినా జనం ఓర్చుకుంటారు. ‘116’ నలుపు తెలుపు సినిమా, దాని బలమంతా నీడల్లో ఉంది. నగాయిచ్ తీసిన ఆ నీడలు నలిగిన ప్రింటులో ముందే సగం చచ్చి ఉండేవి. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే మాట చెప్పేవాడు: ‘‘రేయ్ అబ్బీ, ఈ సినిమాకు కడ్డీల మీంచి చెయ్యి తియ్యగాకు. చీకట్లో మనిషి ఉన్నాడని జనానికి కనబడల్ల. వాడెవడో మాత్రం తెలియగూడదు.’’ ఆ సినిమా ఎప్పుడొచ్చినా నేను స్టూలు మీద కూర్చోలేదు. దీపం దగ్గరే నిలబడి, సందులోంచి హాలును చూస్తూ ఉండేవాణ్ని. కథ తెలిసినవాళ్లు కూడా 303 చావు దగ్గర కదలకుండా కూర్చునేవాళ్లు.

ఈ కథ మరుసటేడే హిందీకి పోయింది. 1967లో ‘ఫర్జ్’. నిర్మాతలు ‘116’ తీసినవాళ్లే, దర్శకుడిగా కెమెరామన్ నగాయిచ్. హీరో జితేంద్ర, అతనికీ అప్పటికి పెద్ద పేరు లేదు. సినిమా బ్రహ్మాండంగా ఆడి అతన్ని స్టారును చేసింది. పదిహేనేళ్ల తర్వాత 1982లో అదే దర్శకుడు, అదే హీరో, అదే 116 నంబరుతో ‘రక్షా’ తీశారు. ఈసారి రంగులు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, హీరోయిన్ పర్వీన్ బాబీ. అయినా ‘ఫర్జ్’కు వచ్చిన పేరు దానికి రాలేదు. ‘ఫర్జ్’లో జితేంద్ర చచ్చిపోతాడేమో అనుకున్నారు. ‘రక్షా’ నాటికి అట్లా అనుకునేవాడు దేశంలో ఒక్కడూ లేడు. మనకు 1989లో జరగబోయేది బొంబాయిలో ఏడేళ్లు ముందే జరిగింది.

తెలుగులో ఆ మధ్యకాలమంతా గూఢచారుల పంటే. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ ‘జేమ్స్ బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1981లో ‘రహస్య గూఢచారి’. అన్నింటిలోనూ కృష్ణగారే. 1983లో చిరంజీవితో కోడి రామకృష్ణ ‘గూఢచారి నెం.1’ తీశారు. 1986లో కమల్ హాసన్ ‘విక్రమ్’ తమిళం నుంచి ‘ఏజెంట్ విక్రమ్ 007’గా వచ్చింది. హాలు బయట అద్దె పుస్తకాల అంగట్లో ఇంకో వరస నడిచేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో. షాడో కొత్త పుస్తకం కోసం మా ఊరి పిల్లోళ్లు పేర్లు రాయించుకొని కాచుకునేవాళ్లు. పుస్తకంలో ఒక సుఖముంది. షాడోకు ముఖం లేదు. చదివేవాడు తనకు తోచిన ముఖం పెట్టుకుంటాడు. అందుకే ఎన్ని పుస్తకాలు వచ్చినా అతను పాతబడలేదు. సినిమాకు ఆ సుఖం లేదు. ఒక ముఖాన్ని తెర మీద పెట్టాలి, ఆ ముఖం ఏడాదికేడాది జనానికి ఇంకా దగ్గరవుతూ పోతుంది.

ఇంతలో 1989 వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో ‘గూఢచారి 117’. కృష్ణగారి పక్కన భానుప్రియ, కొడుకు మహేష్ బాబు బాలనటుడు. నంబరు చూసి మా ఊళ్లో పాతవాళ్లందరూ కదిలారు. టెంటులో ఇసుకలో కూర్చొని ‘116’ చూసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చారు. కొన్నేళ్లుగా సినిమా మొహం చూడని ముసలివాళ్లు కూడా వచ్చారు. నేను ప్రింటు తనిఖీ చేసి, అతుకులన్నీ సరిచూసుకొని, శ్రద్ధగా రీలు ఎక్కించాను.

హాలు ఎగిరింది. పేరు పడగానే కాగితాలు, ఈలలు. కృష్ణగారు కనబడగానే మళ్లీ ఈలలు. డైలాగులు వినబడలేదు. నేను మాత్రం సందులోంచి తలల వైపు చూస్తూ ఉన్నాను. ఆ తలలు ఒక్కసారైనా కదలకుండా నిలబడతాయని కాచుకున్నాను. నిలబడలేదు. ఆపద వచ్చిన చోట కూడా ఊగుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నాయి. ఇంటర్వెల్లో బయటికి వచ్చిన ఒక పెద్దాయన బజ్జీ తింటూ అన్నాడు: ‘‘బాగుందప్పా. అయితే కృష్ణకు ఏమైతుందిలే!’’ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. నాకు ఇష్టమైన సినిమాకు తోడు వచ్చిందనుకుంటే, పేరు మాత్రమే వచ్చింది.

కృష్ణగారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ ఆయనదే. మొదటి సినిమాస్కోప్ 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’, మొదటి 70 ఎంఎం 1986 నాటి ‘సింహాసనం’ కూడా ఆయనవే. ఎవరూ పోని దారిలో ముందు పోవడం ఆయన స్వభావం. 1966లో ‘116’ అట్లాంటి దారే. 1989లో ‘117’ తను నడిచి వచ్చిన దారిలో తిరిగి పోవడం. అది ఆయన బలానికి సరిపడే పని కాదు. కాలం కూడా మారిపోయింది. టీవీలో ‘మహాభారతం’ వచ్చే ఆదివారం పొద్దున బజారులో మనిషి కనబడేవాడు కాదు. వీడియో క్యాసెట్లలో అసలు బాండ్‌నే జనం చూసేశారు. ఆ ఏడు నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. ప్రపంచాన్ని రెండు ముక్కలు చేసి గూఢచారులకు పని కల్పించిన కాలమే ముగింపుకు వచ్చింది. 1966లో జనం గుండెల్లో ఉన్న గుబులు 1989లో లేదు. గుబులు లేని చోట దాన్ని పుట్టించే పని కథే చేయాలి. నంబరు చేయలేదు.

బాండ్ సినిమాలు తీసేవాళ్లకు ఈ రహస్యం తెలుసు. 1962లో షాన్ కానరీ పెద్ద స్టారేమీ కాదు. ముఖం పాతబడినప్పుడల్లా వాళ్లు ముఖాన్ని మార్చారు. 1969లో కొత్త బాండును పెట్టి, పెళ్లి చేసి, ఆ భార్యను చంపించారు. 2006లో డేనియల్ క్రెయిగ్‌ను తెచ్చి ‘క్యాసినో రాయల్’తో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. 2021లో బాండ్‌నే చంపేశారు. అరవై ఏళ్ల వరసలో చప్పబడ్డ సినిమాలు వాళ్లకూ ఉన్నాయి. అయినా వరస బతికింది. నంబరు కోసం మనిషిని వదులుకోగలిగారు కాబట్టి బతికింది. మనం మనిషి కోసం నంబరును వాడుకున్నాం.

2018 ఆగస్టులో ‘గూఢచారి’ వచ్చినప్పుడు నేను ఆపరేటరు పని మానేసి చాలా కాలమైంది. రీళ్లూ లేవు, కడ్డీలూ లేవు, అంతా డిజిటల్. అడివి శేష్ హీరో, శశికిరణ్ తిక్క కొత్త దర్శకుడు. త్రినేత్ర అనే రహస్య సంస్థ, హీరోకు ఇచ్చిన నంబరు 116. తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. అలవాటు కొద్దీ నేను వెనక వరసలో కూర్చొని తలల వైపు చూశాను. నిలబడ్డాయి. ఎవరు మంచివాడో ఎవరు కాదో తెలియక, ఆ కుర్రవాడు బతుకుతాడో లేదో తెలియక, హాలు హాలంతా కదలకుండా ఉండిపోయింది. బీడీలకు బదులు సెల్‌ఫోన్ల వెలుగులు, అవి కూడా ఆరిపోయాయి. యాభై రెండేళ్ల తర్వాత ‘116’కు నిజమైన వారసుడు దొరికాడని నాకు తృప్తి కలిగింది.

2025 ఆగస్టు 14న ‘వార్ 2’ వచ్చింది. 2012లో ‘ఏక్ థా టైగర్’తో యశ్‌రాజ్ సంస్థ మొదలుపెట్టిన గూఢచారి వరసలో అది ఆరో సినిమా. దర్శకుడు అయాన్ ముఖర్జీ. హృతిక్ రోషన్ ఎదురుగా మన జూనియర్ ఎన్టీఆర్, హిందీలో అతనికి మొదటి సినిమా. సీమలో కటౌట్లు లేచాయి, దండలు పడ్డాయి. మనవడి బలవంతం మీద ఆదోనిలో చూశాను. విమానాల మీద పోట్లాటలు, రైళ్ల మీద పోట్లాటలు, పోటీ పడి డాన్సులు. ఇతనికొక దెబ్బ పడితే అతనికీ ఒకటి, ఇతనికొక ఎంట్రీ ఉంటే అతనికీ ఒకటి. ఇద్దరు స్టార్ల అభిమానులకూ సరిసమానంగా పంచాల్సి వచ్చింది. సగం సినిమా కాకముందే మనవడు నా చెవి దగ్గరికి వంగి ‘‘ఇద్దరికీ ఏం కాదులే తాతా’’ అన్నాడు. 1989లో బజ్జీ తింటూ పెద్దాయన అన్న మాటే పిల్లోడి నోట వచ్చింది. అంతమంది కష్టం, అంత డబ్బు, ఎన్టీఆర్ వంటి నటుడి కళ్లలో ఉండే అంత నిప్పు, ఇవన్నీ ఉండి కూడా ఆ సినిమా తెలుగు జనాన్ని నిరాశపరిచింది. ఆ నిరాశ నాకు కోపంగా రాలేదు, బాధగా వచ్చింది. ఆ నటుడి చేతికి ఒక నిజమైన ఆపదను ఇచ్చి ఉంటే ఆ హాలు ఎట్లా గడ్డకట్టి ఉండేదో నాకు తెలుసు.

‘గూఢచారి’కి రెండో భాగం తలపెట్టారు. శేష్ ఇప్పుడు కొత్త ముఖం కాదు. 1989లో కృష్ణగారి ముందు నిలిచిన చిక్కే ఇప్పుడు అతని ముందూ నిలిచింది. దాన్ని దాటే దారి 1966లోనే ఒకటి ఉంది. జనానికి నచ్చిన మనిషిని మొదటి రీలులోనే నిజంగా పోగొట్టుకోవాలి, ఆ లోటును ఆఖరి రీలు దాకా మోయాలి. 303 చచ్చాడు కాబట్టే 116 మీద మాకు భయం కలిగింది. పెద్ద సెట్లు, విదేశాలు, విమానాలు తర్వాత సంగతి. హీరోకు ఏమైనా కావచ్చునని నేల టికెట్టువాణ్ని నమ్మించే ధైర్యం దర్శకుడికి ఉండాలి, దానికి ఒప్పుకునే ధైర్యం హీరోకు ఉండాలి. ఆ ధైర్యం ఉంటే 117 అయినా 118 అయినా నిలబడుతుంది. లేకుంటే నంబరు పెరుగుతూ పోతుంది, సినిమా తగ్గుతూ పోతుంది.